పాత లా రిపోర్టులు కాటా ఎక్కించేముందు

సంపాదకుడికి,

పేరున్న వకీలు కాలం చేశాక ఆయన ఆఫీసు గది ఖాళీ చేయడానికి పిల్లలు ముందుగా కబురు పెట్టేది పాత పేపర్ల వ్యాపారికే. కాకినాడ, అమలాపురం, నరసాపురం, భీమవరం, ఏ కోర్టు ఊళ్లో చూసినా ఇదే తంతు. లా రిపోర్టుల (కోర్టు తీర్పులు అచ్చువేసిన సంపుటాల) అట్టలు చింపి పక్కన పడేసి లోపలి కాగితాన్ని కాటా మీద పెడతారు. అదేమిటంటే "అంతా కంప్యూటర్లో ఉందిగా" అంటారు. ఇళ్లలో ఈ మాట అన్నారంటే అర్థం చేసుకోవచ్చు. లా కాలేజీల్లో, విశ్వవిద్యాలయాల లైబ్రరీ కమిటీల్లో కూడా ఇప్పుడు ఇదే మాట వినిపిస్తోంది. ఆన్‌లైన్ చందా కట్టేశాం, ఇక ఈ బీరువాలెందుకు, ఆ గదిలో ఒక క్లాసు పెట్టుకోవచ్చు కదా అంటున్నారు.

ఆ మాటలో సగం నిజముంది. ఏ సగమో తేల్చుకోకుండా పారేస్తేనే నష్టం.

నిజమైన సగం ముందు ఒప్పుకుందాం. సుప్రీంకోర్టు అధికారిక రిపోర్టులను 1950 నాటి నుంచీ ఈ-ఎస్‌సీఆర్ పేరుతో 2023 జనవరిలో అందరికీ ఉచితంగా పెట్టారు. ఇండియన్ కానూన్ వెబ్‌సైట్లో హైకోర్టుల తీర్పులు కూడా పైసా ఖర్చు లేకుండా చదువుకోవచ్చు. కేంద్ర చట్టాల తాజా పాఠం ప్రభుత్వ వెబ్‌సైట్ ఇండియా కోడ్‌లో ఉంది. కాబట్టి జాగా లేక ఏదో ఒకటి వదులుకోక తప్పని పరిస్థితి వస్తే, 1950 తర్వాతి సుప్రీంకోర్టు రిపోర్టుల రెండో సెట్టు, మూడో సెట్టు నిశ్చింతగా ఇచ్చేయండి. పరీక్షల గైడ్లు అంతకంటే ముందే ఇచ్చేయండి. వాటి కోసం ఎవరూ కన్నీళ్లు పెట్టుకోనక్కర్లేదు.

కంప్యూటర్లో సులువుగా దొరకనిది ఇంకొకటుంది. చట్టం ఈ రోజు ఎలా ఉందో అది చెబుతుంది. ఫలానా తేదీన ఎలా ఉండేదో చెప్పమంటే తడబడుతుంది. కోర్టుకు కావలసింది చాలాసార్లు ఆ రెండోదే.

కోనసీమలో ఒక పంపకం దావా అనుకోండి. తాత ఆస్తి, మూడు తరాలు, నాలుగెకరాల వరి చేను, ఊళ్లో ఒక పెంకుటిల్లు. భర్త పోయిన భార్యకు భాగం ఇచ్చిన కేంద్ర చట్టం 1937 ఏప్రిల్ 14న వచ్చింది. కానీ రాష్ట్రాల్లోని వ్యవసాయ భూమికి అది వర్తించదని 1941లో ఫెడరల్ కోర్టు (సుప్రీంకోర్టుకు ముందు ఉన్నది) తేల్చింది. అంటే పెంకుటింటికి ఒక న్యాయం, వరి చేనుకు మరో న్యాయం. ఆ లోటు పూడ్చడానికి మద్రాసు శాసనసభ 1947లో విడిగా చట్టం చేసి, 1937 చట్టాన్ని పొలాలకు కూడా వర్తింపజేసింది. ఆ తర్వాత 1956 జూన్ 17 నుంచి హిందూ వారసత్వ చట్టం. దానికి ఆంధ్రప్రదేశ్ చేసిన సవరణ 1985 సెప్టెంబరు 5 నుంచి అమలై కూతుళ్లకు పుట్టుకతో హక్కు ఇచ్చింది, అయితే అప్పటికే పెళ్లయినవాళ్లకు ఇవ్వలేదు. 2005 సెప్టెంబరు 9 నాటి కేంద్ర సవరణ ఆ తేడా తీసేసింది, కానీ 2004 డిసెంబరు 20కి ముందే జరిగిపోయిన పంపకాల జోలికి పోలేదు. తండ్రి 2005 నాటికి బతికి ఉండాలా వద్దా అన్న తగాదా 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు ఇచ్చిన వినీతా శర్మ తీర్పుతో గానీ తెగలేదు. ఒక్క నాలుగెకరాల కోసం ఇన్ని పొరలు విప్పాలి. తాజా పాఠం తెరిస్తే కనిపించేది పై పొర ఒక్కటే.

కింది పొరలు తీయడానికి ఒక పద్ధతి ఉంది, విద్యార్థులకు దీన్ని మొదటి ఏడాదే నేర్పాలి. తాజా బేర్ యాక్ట్‌లో (వ్యాఖ్యానం లేకుండా చట్టం పాఠం ఒక్కటే అచ్చువేసిన పుస్తకంలో) సెక్షన్ కింద సన్న అక్షరాల్లో ఉండే ఫుట్‌నోట్ చూడాలి. 6వ సెక్షన్ కింద, 2005 నాటి 39వ చట్టం 3వ సెక్షన్ ద్వారా మార్చారు, 9-9-2005 నుంచి అమలు అని ఉంటుంది. ఆ సవరణ చట్టాన్ని గెజిట్‌లో తీసి, ఏ మాటలు తీసి ఏ మాటలు పెట్టారో రాసుకోవాలి. తర్వాత దానికి ముందు సవరణ. అలా వెనక్కి నడుచుకుంటూ మొదటి ముద్రణ దాకా పోవాలి. చివర్లో మీరు తయారుచేసుకున్న పాఠాన్ని ఆ కాలపు బేర్ యాక్ట్‌తో పోల్చి చూడాలి. 1960లనాటి చవక బేర్ యాక్ట్‌కు లైబ్రరీలో విలువ వచ్చేది ఈ ఆఖరి మెట్టు దగ్గరే. సరిగ్గా దాన్నే "పాత ఎడిషన్" అని ముద్ర కొట్టి తీసేస్తుంటారు. కేంద్ర చట్టానికి ఫుట్‌నోట్లయినా ఉంటాయి. రాష్ట్ర చట్టాల దగ్గర చాలా ప్రచురణల్లో అవి కూడా సరిగా ఉండవు.

కౌలు సంగతి చూడండి. 1956 నాటి ఆంధ్ర కౌలుదారీ చట్టం, 1974లో దానికి పెద్ద సవరణ, 2011లో అధీకృత సాగుదారుల చట్టం, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టం. డెల్టాలో కౌలు లేని ఊరు లేదు, ఈ నాలుగూ ఒకచోట దొరికే అర మాత్రం అరుదు. మొన్నమొన్న వచ్చి 2024లో రద్దయిన భూ హక్కుల చట్టం ఉంది. దాన్ని తిట్టినవాళ్లూ మెచ్చుకున్నవాళ్లూ లెక్కకు మిక్కిలి, దాచిపెట్టిన లైబ్రరీలు ఎన్నో మరి.

శిక్షాస్మృతి విషయంలో జరుగుతున్న పొరపాటు ఇంకా పెద్దది. 2024 జులై 1 నుంచి భారతీయ న్యాయ సంహిత వచ్చింది కాబట్టి ఐపీసీ పుస్తకాలన్నీ తీసేయొచ్చని కొన్నిచోట్ల అట్టపెట్టెల్లో కట్టేశారు. నేరం ఆ తేదీకి ముందు జరిగితే విచారణ ఐపీసీ సెక్షన్ల మీదే సాగుతుంది, శిక్షా ఆ చట్టం ప్రకారమే పడుతుంది. న్యాయ సంహిత 358వ సెక్షన్ ఆ సంగతి చెబుతుంది, రాజ్యాంగం 20వ అధికరణ ఎలాగూ ఉంది. అప్పీళ్లతో కలిపి చూస్తే ఇంకో రెండు మూడు దశాబ్దాలు ఐపీసీ వ్యాఖ్యానాలు కావాలి. చేయాల్సిన పని చిన్నది: పుస్తకం వీపు మీద "1-7-2024కు ముందు ఘటనలకు" అని ఒక పసుపు చీటీ అంటించి, కొత్త చట్టం పక్కనే ఉంచడం. తీసేసినవన్నీ వేరే గదిలో పెడితే ఎవరూ అక్కడికి పోరు.

ఇక తీర్పులు. పాత మద్రాసు హైకోర్టు తీర్పులు, లండన్‌లో ఆఖరి అప్పీళ్లు విన్న ప్రివీ కౌన్సిల్ తీర్పులు చాలావరకు డేటాబేసుల్లో ఉన్నాయి. ఉన్నా దొరకవు. గోదావరి సముద్రంలో కలిసేచోట తీరానికి మూడు మైళ్ల లోపు మేటవేసిన దీవులు ఎవరివన్న ప్రశ్న మీద 1916లో ప్రివీ కౌన్సిల్ ఇచ్చిన తీర్పు ఉంది. సెక్రటరీ ఆఫ్ స్టేట్ వర్సెస్ చెలికాని రామారావు. దీవులు ప్రభుత్వానివేననీ, అనుభవం చూపి హక్కు అడిగేవారు అరవై ఏళ్ల స్వాధీనం రుజువు చేయాలనీ అందులో చెప్పారు. (ఇప్పటి 1963 లిమిటేషన్ చట్టంలో ఆ గడువు ముప్పై ఏళ్లు. ఇక్కడా ఒక పొర.) సాగర తీరం మీద, లంకల మీద హక్కుల గురించి రాసే ఏ పరిశోధక విద్యార్థికైనా ఇది తప్పనిసరి. వెతకబోతే గోదావరి ఇంగ్లిషు స్పెల్లింగు ఆ రోజుల్లో మూడు రకాలు: చివర ఐ ఒకసారి, వై ఒకసారి, మధ్యలో ఏ బదులు ఈ మరోసారి. రావు కూడా రెండు మూడు విధాలు. కాకినాడ కొకనాడ, ఏలూరు ఎల్లోర్, పిఠాపురం పిట్టాపూర్, కృష్ణా కిస్ట్నా. ఇప్పటి పేరు కొట్టి ఏమీ రాలేదంటే తీర్పు లేదని కాదు.

అందుకే పేరుతో వెతకడం మానేసి సైటేషన్‌తో, అంటే సంపుటం, రిపోర్టు పేరు, పేజీతో వెతకమంటాం. ఆ తీర్పు 43 ఇండియన్ అప్పీల్స్ (ప్రివీ కౌన్సిల్ తీర్పుల రిపోర్టు) 192లో ఉంది, ఐఎల్‌ఆర్ (ఇండియన్ లా రిపోర్ట్స్) 39 మద్రాస్ 617లోనూ ఉంది. ఒక చిట్కా. ఐఎల్‌ఆర్ మద్రాస్ సంపుటం నంబరుకు 1877 కలిపితే సంవత్సరం వస్తుంది: 39కి కలిపితే 1916. ఇండియన్ అప్పీల్స్‌కైతే 1873 కలపాలి: 43కి కలిపినా 1916. ఐఎల్‌ఆర్‌కు ఈ లెక్క 1930ల దాకా పనిచేస్తుంది, తర్వాత సంపుటాలకు సంవత్సరమే నంబరైంది. వకీళ్ల నోట్సుల్లో సంవత్సరం రాసి సంపుటం మరిచిపోయినవి, సంపుటం రాసి సంవత్సరం తప్పు పడినవి ఈ లెక్కతో పట్టుకోవచ్చు. పిఠాపురం జమీ మీద రెండు ప్రివీ కౌన్సిల్ తీర్పులున్నాయి. పంచుకోవడానికి వీల్లేని జమీని వీలునామాతో ఇవ్వొచ్చా అన్నది 1899 నాటిది (26 ఇండియన్ అప్పీల్స్ 83, ఐఎల్‌ఆర్ 22 మద్రాస్ 383). భరణం హక్కు మీద 1918లో ఇంకొకటి (45 ఇండియన్ అప్పీల్స్ 148, ఐఎల్‌ఆర్ 41 మద్రాస్ 778). రెంటినీ "పిట్టాపూర్ కేసు" అనే అంటారు, ఒకదాని బదులు ఒకటి ఉటంకించిన వ్యాసాలు కోకొల్లలు. సంపుటం నంబరు చూస్తే ఆ పొరపాటు జరగదు.

మన ప్రాంతపు లా లైబ్రరీకి ఎంత వెనక్కి రిపోర్టులు ఉండాలన్నది అభిరుచికి వదిలేసే విషయం కాదు, దానికి చట్టపరమైన కారణముంది. 1954 జులై 5న గుంటూరులో ఆంధ్ర హైకోర్టు మొదలయ్యేదాకా గోదావరి జిల్లాలకు హైకోర్టు మద్రాసే. ఆ తేదీకి ముందు మద్రాసు హైకోర్టు ఇచ్చిన తీర్పులకు ఆంధ్ర హైకోర్టు కట్టుబడి ఉండాలని సుబ్బరాయుడు కేసులో ఫుల్ బెంచ్ తేల్చింది (ఏఐఆర్, అంటే ఆల్ ఇండియా రిపోర్టర్, 1955 ఆంధ్ర 87). కాబట్టి 1920 నాటి మద్రాసు తీర్పు మనకు చరిత్ర కాదు, చట్టం. బార్ కౌన్సిల్ 2008 నియమాలు లా కాలేజీ లైబ్రరీకి కనీసం పదేళ్ల వెనుక సంపుటాలు ఉండాలంటాయి. అనుమతి కోసం ఆ పదేళ్లు చాలు. పరిశోధనకు మాత్రం ఈ వరస కావాలి: మూర్ ఇండియన్ అప్పీల్స్ 14 సంపుటాలు (1836 నుంచి 1872), ఇండియన్ అప్పీల్స్ 77 సంపుటాలు (1950 దాకా), మద్రాసు హైకోర్టు రిపోర్టులు 8 సంపుటాలు (1862 నుంచి 1875), 1876 నుంచి ఐఎల్‌ఆర్ మద్రాస్, 1891 నుంచి మద్రాస్ లా జర్నల్, 1914 నుంచి ఏఐఆర్, 1939 నుంచి 1950 దాకా ఫెడరల్ కోర్టు రిపోర్టులు, 1950ల నుంచి ఆంధ్రా రిపోర్టులు. ఒక్క ఇల్లు ఇవన్నీ ఇవ్వలేదు. పది ఇళ్ల నుంచి వచ్చినవి కలిపితే వరస పూర్తవుతుంది. సెట్టులో ఒక సంపుటం పోతే దాని విలువ ఒక సంపుటం మేరకే తగ్గదు, ఆ సెట్టు మీద నమ్మకమే పోతుంది.

తీర్పులకంటే ఎక్కువ కంగారు పడాల్సింది ఇంకో కుప్ప గురించి. రెవెన్యూ బోర్డు స్టాండింగ్ ఆర్డర్లు, అంటే బీఎస్‌ఓలు. ఫోర్ట్ సెయింట్ జార్జ్ గెజిట్, 1953 నుంచి ఆంధ్ర గెజిట్, 1956 నుంచి ఆంధ్రప్రదేశ్ గెజిట్, వాటిలోని రూల్స్ సప్లిమెంట్లు. జిల్లా గెజిట్లు. ఊరి ఊరికీ అచ్చువేసిన రీసెటిల్‌మెంట్ రిజిస్టర్లు, అంటే డైగ్లాట్లు. 1865 నీటి తీరువ చట్టం కింద వచ్చిన నోటిఫికేషన్లు. ఇవి మామూలు చందాల్లో రావు. లంక భూముల కౌలు, కాలవ గట్ల మీద హక్కు, ఇనాం భూమి స్వభావం, 1908 ఎస్టేట్స్ ల్యాండ్ చట్టం నాటి రైతు హక్కు, 1948 ఎస్టేట్ల రద్దు తర్వాత పట్టా, ఏది తిరగేసినా చివరికి ఈ కుప్పలోకే రావాలి. వెతికేటప్పుడు జిల్లా హద్దులు గుర్తుంచుకోవాలి. 1904 నుంచి 1925లో పశ్చిమ గోదావరి ఏర్పడేదాకా నరసాపురం, భీమవరం వైపు ఊళ్లు కృష్ణా జిల్లా కాగితాల్లో, అంతకుముందు గోదావరి జిల్లా కాగితాల్లో ఉంటాయి. 2022 ఏప్రిల్ తర్వాతివి కొత్త జిల్లాల పేర్ల కింద చెదిరిపోయాయి. కేటలాగులో ఊరి పేరు, అప్పటి తాలూకా, ఇప్పటి మండలం మూడూ రాయకపోతే ఆ పుస్తకం ఉన్నా లేనట్టే.

బీఎస్‌ఓ పుస్తకాల్లో ఒక మెలిక ఉంది. సవరణ వచ్చినప్పుడల్లా కొత్త పుస్తకం వేయకుండా కరెక్షన్ స్లిప్పులు పంపేవారు, గుమాస్తా వాటిని పాత పేరా మీద ఒక అంచు మాత్రమే అంటించేవాడు. స్కాన్ చేసే కుర్రాడు పేజీ పరిచి బటన్ నొక్కేస్తే పై స్లిప్పు ఒక్కటే పడుతుంది, కింద ఉన్న పాత నియమం పోతుంది. స్లిప్పు ఎత్తి ఒకసారి, దించి ఒకసారి, రెండు బొమ్మలు తీయాలి. నాలుగు స్లిప్పులు ఒకదాని మీద ఒకటుంటే ఐదు బొమ్మలు. స్లిప్పు మీద ఉన్న తేదీని ఫైలు పేరులో చేర్చాలి.

స్కానింగ్ గురించి ఎలాగూ వచ్చింది కాబట్టి: మామూలు అచ్చుకు 300 డీపీఐ, సన్న ఫుట్‌నోట్లున్న పాత ఐఎల్‌ఆర్‌కు 400. అసలు ప్రతి టిఫ్‌లో, పాఠకుడికి పీడీఎఫ్. ఫైలు పేరు సిరీస్, సంపుటం, సంవత్సరం వరసలో. "స్కాన్ 001" అన్న పేరుతో ఉన్న వెయ్యి ఫైళ్లు చెదలు తిన్న పుస్తకంతో సమానం. సంపుటం అయ్యాక అచ్చయిన ఆఖరి పేజీ నంబరుతో బొమ్మల లెక్క సరిచూడాలి. రెండు పేజీలు కలిసి తిరగడం, మడతపెట్టిన పటాలు విప్పకుండా వదిలేయడం, ఈ రెండు తప్పులే ఎక్కువగా జరుగుతాయి. కాపీరైటు భయంతో అసలు మొదలే పెట్టని చోట్లున్నాయి. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ గెజిట్‌లో వచ్చినవాటినీ, కోర్టు నిషేధించని తీర్పులనూ మళ్లీ అచ్చు వేసుకోనిస్తుంది. చట్టాల పాఠానికి మాత్రం వ్యాఖ్య జోడించాలన్న షరతుంది. ప్రభుత్వ ప్రచురణ మీద హక్కు, ప్రచురించిన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్లకు తీరిపోతుంది. ప్రైవేటు రిపోర్టుల హెడ్‌నోట్లు (తీర్పు పైన ఇచ్చే సారాంశాలు), సంపాదకుల చేర్పులు వేరు. 2007 డిసెంబరులో ఈస్టర్న్ బుక్ కంపెనీ కేసులో సుప్రీంకోర్టు వాటికి రక్షణ ఉందని చెప్పింది. కాబట్టి మొదట గెజిట్లు, బీఎస్‌ఓలు, డైగ్లాట్లు. వాటి పని పూర్తయ్యేసరికే ఐదారేళ్లు పడుతుంది.

బైండింగ్ దగ్గర చేజేతులా చేసుకునే నష్టం చాలా ఉంది. ఏఐఆర్ నెలవారీ సంచికలో సుప్రీంకోర్టు, హైకోర్టులు, జర్నల్, చట్టాలు, ఒక్కో భాగానికి విడి పేజీ నంబర్లుంటాయి. ఏడాది చివర భాగాల వారీగా విడదీసి కుట్టాలి. చెప్పకపోతే బైండరు జనవరి, ఫిబ్రవరి అంటూ నెలల వరసలో కుట్టేస్తాడు, ఆ సంపుటంలో ఇక ఏ పేజీ నంబరూ దొరకదు. ఆఖరి సంచికతో వచ్చే విషయసూచిక, కేసుల పట్టిక, తప్పొప్పుల చీటీ అట్టలతోపాటు చెత్తబుట్టకు పోతాయి. పనివాడికి ఇచ్చేముందు ఒక కాగితం మీద వరస రాసి కట్ట మీద పెట్టండి. పక్క నుంచి బెజ్జాలు వేసి కుట్టనివ్వొద్దు. లోపలి అంచు మింగేసి పుస్తకం పూర్తిగా తెరుచుకోదు, స్కానుకూ లొంగదు. ఫారం (కలిపి మడిచిన పేజీల కట్ట) మడత మీద కుట్టమనాలి. అంచులు కత్తిరించడం అసలే వద్దు, ఎందుకంటే పాత వకీళ్లు మార్జిన్లో రాసుకున్న నోట్సు చాలాసార్లు ఆ సంపుటంలోకెల్లా విలువైన సరుకు. మైదా జిగురులో మైలుతుత్తం కలపమని చెప్పాలి, లేకపోతే పురుగుకు విందే. సెల్లో టేపు వేసిన కాగితం పదేళ్లకు ఆ మేరకు గోధుమరంగు తిరిగి విరిగిపోతుంది.

గది సంగతి. బౌండు సంపుటం ఒకటి సుమారు రెండు కిలోలు. మూడడుగుల అరలో పదహారు పడతాయి, అంటే అరకు ముప్పై కిలోల పైచిలుకు. సన్న రేకు రాక్ రెండేళ్లలో మధ్యకు వంగుతుంది. కింది అర నేలకు కనీసం అరడుగు ఎత్తున, రాక్ గోడకు నాలుగంగుళాల ఎడంగా ఉండాలి. పైన స్నానాల గది, నీళ్ల ట్యాంకు ఉన్న గది వద్దు. తేమ 65 శాతం దాటితే బూజు పడుతుంది, మన వానాకాలంలో 80 దాటడం మామూలే. కొన్ని వందల రూపాయల తేమ మీటరు ఒకటి గోడకు తగిలించి రోజూ రాసుకుంటే, ఏ మూల గాలి ఆడటం లేదో నెలలో తెలిసిపోతుంది. పగలు ఏసీ వేసి సాయంత్రం ఆపేసి పోవడం అన్నిటికంటే చెడ్డ పద్ధతి. చల్లబడిన అట్టల మీద రాత్రి తేమగాలి నీరై దిగుతుంది. ఇరవై నాలుగ్గంటలూ నడపలేకపోతే అసలు వేయకండి, ఫ్యాన్లూ ఎదురెదురు కిటికీలూ మేలు.

1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను చూసినవాళ్లకు నీళ్ల గురించి చెప్పనక్కర్లేదు. తడిసిన పుస్తకానికి గడువు 48 గంటలు, ఆ తర్వాత బూజు. ఇరవై ముప్పై పుస్తకాలైతే నిలబెట్టి, పదిహేను ఇరవై పేజీలకొక తెల్ల కాగితం దూర్చి, ఫ్యాను కింద మార్చిమార్చి ఆరబెట్టవచ్చు. వందలైతే సాధ్యం కాదు. అప్పుడు చేయాల్సింది గడ్డకట్టించడం. మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉంచితే బూజు ఆగిపోతుంది, తీరిక చూసుకుని కొన్ని కొన్ని బయటికి తీసి ఆరబెట్టుకోవచ్చు. పెద్ద నగరాల లైబ్రరీలు ఇందుకు వసతి ఎక్కడుందా అని వెతుక్కుంటాయి. మనకు భీమవరం చుట్టుపక్కల రొయ్యల ప్లాంట్లలో ఆ చలిగదులు ఎప్పుడూ నడుస్తూనే ఉంటాయి. వానాకాలానికి ముందే ఒక ప్లాంటుతో మాట రాయించుకోవడం మంచిది. ఒక్కో పుస్తకాన్నీ పాలిథిన్‌లో చుట్టి, వీపు కిందకి ఉండేలా ట్రేలో ఒకే వరస పేర్చాలి. పాలిథిన్ రెండు పొరలు వేయండి, లేకపోతే లా రిపోర్టు తెరిచినప్పుడల్లా రొయ్యల పులుసు గుర్తొస్తుంది. పొడి పుస్తకాలకు పురుగు పట్టినా ఇదే మందు: గాలి చొరని సంచిలో మైనస్ 20 దగ్గర రెండు వారాలు, బయటికి తీశాక సంచి విప్పకుండా ఒక రోజు. తెరిచి ఉన్న అరల్లో నాఫ్తలిన్ ఉండలు పురుగును చంపవు, చదివేవాడికి మాత్రం తలనొప్పి తెప్పిస్తాయి.

పుస్తకాలు ఇవ్వదలచిన ఇళ్లవారికి నాలుగు మాటలు. అరల్లో ఉన్న వరస చెదరకముందే వీపులు కనిపించేలా ఫోన్‌తో అరకొక ఫొటో తీయండి. జాబితాకు అదే చాలు. మార్జిన్ నోట్సు ఉన్నవి, కేసుల పేపర్ బుక్కులు (అప్పీలు కోసం కేసు కాగితాలు కలిపి కుట్టినవి) విడిగా పెట్టండి. కక్షిదారుల అసలు దస్తావేజులు కట్టల్లో దొరికితే అవి లైబ్రరీకి కాదు, కక్షిదారులకు చేరాలి. ప్లాస్టిక్ తాడుతో బిగించి కట్టొద్దు, అట్ట అంచులు తెగుతాయి.

విశ్వవిద్యాలయాన్ని అడిగేవి కూడా పెద్దవి కావు. ఒక గది. దానికి బాధ్యత వహించే ఒక మనిషి, పరీక్షల డ్యూటీకి ఏడాదిలో ఆరు నెలలు లాక్కుపోనివాడు. కోర్టు వేళయ్యాక, సాయంత్రం ఐదు నుంచి ఎనిమిది దాకా బయటి వకీళ్లకు కూడా ప్రవేశం. ఏ సిరీస్‌లో ఏ సంపుటాలు లేవో రాసిన జాబితా ప్రతి బార్ అసోసియేషన్ నోటీసు బోర్డు మీద. "పుస్తకాలు స్వీకరిస్తాం" అని ప్రకటిస్తే అందరూ సుప్రీంకోర్టు రిపోర్టులే తెచ్చి పడేస్తారు. "ఐఎల్‌ఆర్ మద్రాస్ 31, 44, 52 కావాలి" అని రాస్తే ఎవరి అటక మీదో ఉన్న ఆ మూడే వస్తాయి. ఇళ్లు సర్దుకునేది ఎక్కువగా మే నెల కోర్టు సెలవుల్లో. ఆ నెల ఒక ట్రాలీ ఆటో, ఇద్దరు మనుషులు, గట్టి అట్టపెట్టెలు సిద్ధంగా ఉంచుకుంటే పాత పేపర్ల వ్యాపారికంటే ముందు చేరుకోవచ్చు. పెట్టెకు ఎనిమిది సంపుటాలకు మించి నింపొద్దు, అడుగు ఊడుతుంది.

ఇట్లు,
లా లైబ్రరీల్లో పనిచేసే కొందరు,
రాజమహేంద్రవరం, అమలాపురం